ప్రొద్దుటూరులో గత్తర లేదు

మొయినాబాద్ ప్రజలు ఇకమీదట నిజమే మాట్లాడాలని సర్కారు నిర్ణయించింది. ఈ శుభవార్తను పత్రికా పాఠకులకు అందజేసే అవకాశం నాకు దక్కడం నా పూర్వజన్మ సుకృతం. యుద్ధం సాగుతున్న రోజులు. జర్మనీ వాడికంటే, జపాను వాడికంటే ప్రమాదకరమైన శత్రువు మన బావుల దగ్గరా అరుగుల మీదా తిరుగుతున్నాడని పట్నంలో పెద్దలు కనిపెట్టారు. ఆ శత్రువు పేరు అఫవా. అంటే గాలి కబురు.

దండోరా వేయించిన మర్నాడే ఒక పెద్ద అధికారి మోటారులో దిగారు. కిరాణం ముకుందం సేటు అరుగెక్కి ఉర్దూలో ఉపన్యసించారు. ఆ అరుగు మీద ఒక మూల కూర్చుని అర్జీలు రాసుకుని బతికేవాణ్ణి నేను. ఉర్దూ వచ్చినవాణ్ణి కాబట్టి ఆ ఉపన్యాసాన్ని తెలుగు చేసే గౌరవం నాకు దక్కింది.

"ఈ రోజు నుంచి ఊళ్లో ఏ కబురు పుట్టినా ముందు కమిటీకి చెప్పాలి. కమిటీ నిజమంటే నిజం, అబద్ధమంటే అబద్ధం. తేలేదాకా ఆ కబురు పుట్టనట్టే లెక్క" అన్నారు పెద్దసారు.

జనంలోంచి బాల్‌రాజ్ లేచాడు. కాపుదనం చేసుకునే మనిషి. సర్కారు మాటంటే వాడికి చెప్పలేనంత భక్తి.

"హుజూర్, వాన పడ్తదనుకోండ్రి. కమిటీకి చెప్పినంక తడ్వాల్నా, ముందుగాల్నే తడ్వచ్చునా?"

నేను ఉర్దూలో విన్నవించాను. పెద్దసారు కాస్త ఆలోచించారు.

"తడవవచ్చు. చెప్పుకోకూడదు."

పరిపాలనలో ఇంత స్పష్టత నేను మునుపెన్నడూ చూడలేదు.

ఇక అధ్యక్షుడు కావాలి. పెద్దసారు ముకుందం సేటు ఇంట్లో భోజనం చేశారు. భోంచేసి చెయ్యి కడుక్కునేలోగా ఎన్నిక ముగిసింది. సేటు ఒక కుర్చీ తెప్పించి అరుగు మీద వేయించుకున్నాడు. అప్పటిదాకా ఆయన గద్దె మీద బాసిపట్లు వేసుకునే కూర్చునేవాడు. కుర్చీలో కాళ్లు ఎటు పెట్టాలో తెలుసుకోవడానికి కొంత కాలం పట్టింది. కాని ప్రజాసేవలో అలాంటివి తప్పవు.

మొదటి ముద్దాయి అంతమ్మ. కూలికి పోయే మనిషి. బావి దగ్గర నిలబడి "ఊళ్లె గ్యాసునూనె దొర్కుతలేదు" అన్నదట. ఊరికి కిరసనాయిలు వచ్చేది ముకుందం సేటు దుకాణానికే. అందుచేత విచారణ ఆయన సొంత బాధ్యతగా తీసుకున్నాడు.

"నూనె లేదన్నవట, నిజమేనా?"

"అన్న సేటు. లేకనే కద మా ఇంట్ల దీపం ముట్టియ్యలే."

సేటు కుర్చీలోంచి లేచాడు. దుకాణం వెనక గదిలోకి వెళ్లాడు. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చాడు.

"ఉన్నది. నా కండ్లతోని చూసొచ్చిన. పీపాలకు పీపాలున్నది. లేదనుడు అబద్ధమే కద?"

"ఉంటే జర ఒక సీసెడు పొయ్యిరాదు సేటు."

"పోసుడు వేరే సంగతి. ఇది నిజాల కమిటీ, నూనె కమిటీ కాదు."

"నూనె కమిటీకి పెద్దమనిషెవరు?"

"నేనే. గని ఇప్పుడు గా కుర్చీల కూసోలే."

ఆ సాయంత్రం ఊళ్లో కిరసనాయిలుకు ఏ కొరతా లేదని చాటింపు వేయించారు. చీకట్లో చాటింపు వింటున్న జనం ముఖాలు నాకు కనిపించలేదు. సంతోషంగానే ఉండి ఉంటారు.

తరువాత పశువుల అంగడి సంగతి. ఎడ్లకు గాలికుంటు రోగం తగిలినందువల్ల చేవెళ్లలో ఈసారి అంగడి బందు పెట్టారని ఒక బండివాడు చెప్పి పోయాడు. సేటు మండిపడ్డాడు. అంగడి సర్కారుది. అంగడి బందంటే సర్కారు బందనడమే. అంగడి బందు లేదని కమిటీ తేల్చింది.

ఊరంతా ఇంటిపట్టునే ఉన్నది. బాల్‌రాజ్ ఒక్కడు తెల్లవారకముందే ఎడ్లను తోలుకుని చేవెళ్ల బయలుదేరాడు. మర్నాడు ఎడ్లతోనే తిరిగి వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు. ఎడ్లూ వాడూ ముగ్గురూ డొక్కలు ఎగరేస్తున్నారు.

"అంగడి నడ్చిందా బాల్‌రాజ్?" అని సేటు అడిగాడు.

"నడ్చింది సేటు. నేనున్న. నా ఎడ్లున్నయి. కొనెటోడే లేడు."

"అమ్మెటోడు ఉన్నడు కద. ఇంకేంది? అంగడి ఉన్నట్టే."

బాల్‌రాజ్ కాసేపు ఆలోచించాడు. ఆ తరువాత ఎడ్లను తోలుకుని ఇంటికి పోయాడు. వాడు ఆలోచించడం నేను చూసింది అదే మొదలు.

ఆ రోజు నుంచి ఊరివాళ్లకు కమిటీ మీద ఎక్కడలేని గురి కుదిరింది. పొద్దు వాలేసరికి పనులు వదిలేసి అరుగు ముందు చేరేవారు. ఇవాళ కమిటీ ఏది అబద్ధమంటుందో వినడానికి వాళ్లు పడే ఆత్రం చూస్తే నాకు ముచ్చటేసేది. బెల్లం ధర పెరగదని సేటు ఒక సాయంత్రం ప్రకటించాడు. దీపాలు పెట్టేలోగా దుకాణంలో బెల్లం దిమ్మలన్నీ అమ్ముడుపోయాయి. ఊరి బండ్లను వెట్టికి పట్టుకుపోయే ఆలోచన సర్కారుకు లేదని మరోనాడు ప్రకటించాడు. ఊళ్లో బండ్లన్నిటికీ ఆ రాత్రే ఇరుసులు విరిగాయి.

"చూసినవా పంతులు, జనం ఎంత నమ్ముతున్నరో" అన్నాడు సేటు నాతో. ఆయన కళ్లు చెమర్చాయి.

ఈ స్థితిలో పెద్దసారు మళ్లీ వస్తున్నారని కబురు వచ్చింది. ఈ తడవ సన్మానం కోసం. అబద్ధాలు లేని ఊరిని కళ్లారా చూసి పోతారట. సేటు ఇంటికి సున్నం వేయించాడు. సరిగ్గా అప్పుడే ప్రేమమ్మ మా చుట్టుపక్కల ఊరే అయిన ప్రొద్దుటూరు నుంచి వచ్చింది.

ప్రేమమ్మ మా ఊరి క్రైస్తవుల వాడలో ఉండే సాముయేలు భార్య. ఆలుమగలిద్దరూ కౌలుకు దున్నుకుంటారు, నోరెత్తి ఒకరిని ఒక మాట అనరు. ప్రొద్దుటూరులో ఉన్న అక్క దగ్గరికి వెళ్లి, వస్తూనే వాడలో చెప్పిందట, అక్కడ గత్తర, అదే కలరా, తగిలిందని, మనుషులు పిట్టల్లా రాలుతున్నారని.

సేటు ఆమెను పిలిపించాడు. సాముయేలు వెంట వచ్చి తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"గత్తర గిత్తర అని చెప్తున్నవట. గాలి కబురు గద అది?"

"పోయింది మా అక్క కొడుకు సేటు" అన్నది ప్రేమమ్మ. "నేను సంకల ఎత్తుకొని పెంచిన పిలగాడు. గాలి కబురెట్లయితది?"

సేటు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డమనిషి కాడు.

"నీ దుఃఖం నాకెరికే అవ్వ. గని పెద్దసారు వచ్చేటాళ్లకు ఈ చుట్టుపట్ల గత్తర ఉండొద్దు. ఉన్నదంటే ఆయన రాడు. లేదని నువ్వే అందరి ముంగట చెప్పు. చెప్పకుంటివా, నీ మొగణ్ని ఠాణాకు తోలవలసి వస్తది. నా చేతుల ఏం లేదు."

ప్రేమమ్మ మొగుడివైపు చూసింది. సాముయేలు నేలవైపు చూశాడు.

పొద్దు వాలాక ఊరంతా చేరింది. ప్రేమమ్మను అరుగెక్కించారు. నేను ఆమెకు ఒక చక్కని వాక్యం నేర్పాను. 'ప్రొద్దుటూరులో గత్తర లేదు, నేను ఏమీ చూడలేదు.' అంతే చెప్పి దిగిపోవాలి. ఆమె అంతటితో ఆగలేదు.

"ప్రొద్దుటూరుల గత్తర లేదు. నేనేం చూడలే. మా అక్క సరోజమ్మ కొడుక్కు పొద్దుగాల వాంతులు కాలే. పొద్దూకేటాళ్లకు వాని కండ్లు లోపలికి పోలే. అవ్వా నీళ్లు, అవ్వా నీళ్లు అని వాడు అడుగలే. మా అక్క వాణ్ని ఒళ్లె పెట్టుకొని కూసోలే. మేం వాణ్ని మన్నుల పెట్టలే. నేను ఏడ్వలే సేటు. ఇప్పుడు గూడ ఏడుస్తలేను."

 

"శాబాష్" అన్నాడు సేటు. "మంచిగ చెప్పింది."

ఆమె దిగబోతుంటే జనంలోంచి అంతమ్మ లేచింది.

"ప్రేమమ్మా, గా పిలగాడు యాడి నీళ్లు తాగలే?"

ప్రేమమ్మ ఆగింది. అంతమ్మ ముఖంలోకి చూసింది. ఆ తరువాత నిదానంగా చెప్పింది.

"వాగు ఇసుకల తవ్విన చెలిమె ఉంటది సూడు, గా నీళ్లు తాగలే."

"గా నీళ్లు తాగినోళ్లకు ఇంకెవ్వలకన్న కాలేదా?"

"వాడకట్టు వాడకట్టుకే కాలే."

బాల్‌రాజ్ లేచాడు. "మరి కాగవెట్టుకొని తాగినోళ్లకు?"

ప్రేమమ్మ ఈసారి జవాబుకు కొంచెం తడుముకుంది. "వాళ్లకు..." అని ఆగి, "వాళ్లకు నిజంగనే కాలే" అన్నది.

జనం తలలు ఊపుతూ లేచారు. ఇంత క్రమశిక్షణగా ప్రశ్నలు అడిగి జవాబులు విన్న సభను నేను పట్నంలో కూడా చూడలేదు. సేటు కుర్చీలోంచి లేచి అందరికీ దండం పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే మా వాగులో చెలిమెలన్నిటి మీదా ఎవరో తుమ్మకంప కప్పారు. ఏ ఇంట చూసినా పొయ్యి మీద నీళ్లకుండే. సేటు ఇంటి దొడ్లోకి తొంగిచూస్తే ఆయన భార్య భాగీరథమ్మ పెద్ద గుండిగ కింద కట్టెలు ఎగదోస్తోంది.

"ఇంత ఎండల వేడినీళ్లెందుకమ్మా?" అన్నాను.

"గత్తర లేదని మా ఆయనే చెప్పిండు కద పంతులూ" అన్నదామె, పొగకు కళ్లు తుడుచుకుంటూ.

ఆ వారంలో సాముయేలు మళ్లీ అరుగు దగ్గరికి వచ్చాడు. ఆదివారం గుళ్లో ఆ పిల్లవాడి కోసం ప్రార్థన పెట్టుకుంటామని అనుమతి అడిగాడు.

"సావని పిలగానికి ప్రార్థనేంది?" అన్నాడు సేటు. సాముయేలు కదలకుండా నిలబడే ఉన్నాడు. సేటుకు జాలి కలిగింది. "సరే, వాని ఆయుష్షు కోసమని పెట్టుకోండ్రి."

అలాగే పెట్టుకున్నారు. పోయిన పిల్లవాడికి దీర్ఘాయుష్షు ఇమ్మని అడగడానికి పాదిరిగారు కొంత తడబడ్డారు. గుడి నిండిపోయి బయట కూడా జనం నిలబడ్డారు. ఆదివారం ప్రార్థన వైపు ఎన్నడూ తొంగిచూడని హిందువులు కూడా ఎండలో తలగుడ్డలు తీసి నిలబడ్డారు. ప్రేమమ్మ అరుగు మీద ఆపుకున్నదంతా అక్కడ ఏడ్చింది. ఆయుష్షు కోసం ఏడ్వకూడదని ఎక్కడా నిబంధన లేదు కాబట్టి కమిటీ ఊరుకుంది.

మా ఊళ్లో ఒక్క మనిషి కూడా గత్తరతో పోలేదు. చుట్టుపక్కల ఊళ్ల సంగతి నేను చెప్పను. కమిటీ వాటిని విచారించలేదు. కమిటీ ఖండించగానే గత్తర మొయినాబాద్ పొలిమేర దాటడానికి జంకిందని సేటు పైకి తెలియజేశాడు. ఒక రోగాన్ని మాటతో ఆపిన మొదటి అధ్యక్షుడని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

పెద్దసారు వచ్చారు. మామిడి తోరణాలు, పందిరి, బ్యాండు, బడిపిల్లల స్వాగతగీతం. ముకుందం సేటు జరీ తలపాగా చుట్టి, పూలదండ రెండు చేతులా పట్టుకుని వేదిక పక్కన నిలబడ్డాడు. నేను పెద్దసారు పక్కనే, తెలుగు చేయడానికి. వచ్చినప్పటి నుంచి ఆయన ఒక్క చుక్క నీళ్లు ముట్టలేదు. పట్నం నుంచి సొంత సీసాలు తెచ్చుకున్నారు.

ఉపన్యాసం గంభీరంగా సాగింది. ఈ ఊళ్లో అబద్ధం చచ్చిపోయిందన్నారు. జిల్లాలకు జిల్లాలు మొయినాబాద్‌ను చూసి నేర్చుకోవాలన్నారు. నేను ప్రతి మాటనూ తెలుగు చేశాను. జనం చప్పట్లు కొట్టారు. చివర్లో పెద్దసారు గొంతు సవరించుకున్నారు.

"పట్నంలో గిట్టనివాళ్లు ఒక అఫవా పుట్టించారు. పైవాళ్లకు నా మీద కోపం వచ్చిందనీ, నన్ను ఎక్కడికో మూలకు బదిలీ చేశారనీ. అది శుద్ధ అబద్ధం. నేను ఎక్కడికీ పోవడం లేదు. నా స్థానంలో ఎవరూ రావడం లేదు."

నేను ఉన్నదున్నట్టు తెలుగు చేశాను.

 అంతమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని "అయ్యో పాపం" అన్నది. సాముయేలు ఆయనవైపు చూసి చూపు తిప్పుకున్నాడు. వెనకనుంచి బాల్‌రాజ్ లేచి రెండు చేతులూ జోడించాడు.

"పైలంగ పోయిరాండ్రి హుజూర్. ఏడున్నా సల్లగుండాలె."

"ఏమంటున్నాడు?" అని పెద్దసారు నన్ను అడిగారు.

"తమరు కలకాలం ఇక్కడే ఉండాలని కోరుకుంటున్నాడు" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. ఇక దండ వేసే ఘట్టం. బ్యాండువాళ్లు బూరలు ఎత్తారు. ముకుందం సేటు దండతో ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. ముఖం మీది చిరునవ్వు అలాగే ఉంచి, నా చెవి దగ్గరికి వంగాడు.

"పంతులూ, జర కొత్తగ వచ్చే సారు పేరేందో అర్సుకో."