మూడో వరుసలో లాప్‌టాప్

ఆ ఉదయం సమీక్షకుడి పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి పెట్టె విప్పాలి, పదకొండు దాకా కొత్త బుల్లి లాప్‌టాప్‌ను వాడి చూడాలి, కంపెనీ ప్రతినిధి వచ్చి దాన్ని పట్టుకుపోయాక పన్నెండున్నరకల్లా పత్రికకు వ్యాసం పంపాలి. ఈసారి నిజంగానే వాడాలి. పోయిన వారమే ఎడిటరమ్మ ఫోన్ చేసి, "పెట్టె మీద అచ్చేసిందే మీరూ రాస్తే ఇంక మీరెందుకండీ? మరోసారి ఇలా వస్తే మీ శీర్షిక ఆపేస్తాను" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. ఐదేళ్లుగా ఆ శీర్షికనే నమ్ముకున్న మనిషికి గుండెల్లో రాయి పడినట్టయింది.

పెట్టె విప్పాడు. బూడిద రంగు, చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. రెండు వేళ్లతో ఎత్తి, "ఇందులో యంత్రం పెట్టారా, పెట్టడం మరిచిపోయారా?" అని మురిసిపోయాడు. ఇంత పెద్ద పనికి మాసిన గడ్డంతో కూర్చోవడం బాగుండదని, దాన్ని బల్ల మీద పెట్టి గడ్డం గీసుకోవడానికి వెళ్లాడు.

అదే బల్ల మీద భార్య తన సామాను సర్దుకుంటోంది. ఆవిడ లెక్కల టీచరు. పరీక్షకు అట్ట మరిచిపోయి వచ్చే మహానుభావులు ప్రతి తరగతిలోనూ ఉంటారని, ఇంట్లో ఉన్న రాత అట్టలన్నీ పోగేసి తాడుతో కట్టి పట్టుకెళ్లడం ఆవిడ అలవాటు. ఆ రోజూ చేతికందినవన్నీ పోగేసి, రెండు ముళ్లు వేసి, హడావిడిగా వెళ్లిపోయింది.

ఒక చెంప పూర్తయ్యాక సమీక్షకుడు లాప్‌టాప్‌ను మరోసారి చూసుకుందామని వచ్చాడు. బల్ల ఖాళీ. సోఫా కింద చూశాడు, పరుపు కింద చూశాడు, సిగ్గు విడిచి ఫ్రిజ్‌లో కూడా చూశాడు. భార్య ఫోన్ ఆపేసి ఉంది. గంటకు పైగా ఇల్లంతా తిరగేసి, ఇక దారిలేక ప్రతినిధికే ఫోన్ చేశాడు.

"మీ లాప్‌టాప్ ఎక్కడున్నా మీకు తెలుస్తుందటగా? ఊరికే, అది కూడా పరీక్షిద్దామని."

"మూత మూసున్నా తెలుస్తుంది సార్. ఇదిగో, ఏదో స్కూల్లో చూపిస్తోంది. మీరక్కడున్నారా?"

"ఆ... ఇక్కడే, ఇక్కడే. బయట వాడితే ఎలా ఉంటుందో చూద్దామని."

"భలే సార్! ఇల్లు కదిలే సమీక్షకుణ్ణి ఇప్పుడే చూస్తున్నా. అయితే నేనూ అక్కడికే వచ్చేస్తా."

నోరు జారినందుకు కాళ్లకు పని పడింది. గీసిన చెంప ఒకటి, గీయని చెంప ఒకటి వేసుకుని సమీక్షకుడు స్కూలుకు పరుగెత్తాడు. కిటికీలోంచి చూస్తే మూడో వరుసలో రెండు జడల పిల్ల లాప్‌టాప్ మీద కాగితం పెట్టి, కంపాసు ముల్లు గుచ్చి, శ్రద్ధగా వృత్తం గీస్తోంది. ఆ ముల్లు తిన్నగా తన గుండెలోనే తిరిగినట్టయింది. చేతులూపి భార్యను పిలిచాడు.

"ఏంటండీ ఈ సైగలు? జవాబులు అందిస్తున్నారనుకుంటారు!" అని ఆవిడ గుసగుసగా కసిరింది.

"అది కాదే, ఆ మూడో వరుస పిల్ల దగ్గర..."

"ఏ వరుసైనా సరే, పన్నెండు దాకా ఎవర్నీ కదిలించేది లేదు." కిటికీ అద్దం మూసేసింది.

ఇంతలో ప్రతినిధి వచ్చాడు. "లాప్‌టాప్ ఏది సార్?"

సమీక్షకుడు అద్దంలోంచి వేలు చూపించాడు. "మన్నిక పరీక్ష. పిల్లల చేతిలో నిలిచిందంటే ఇక ఎక్కడైనా నిలుస్తుంది."

"ముల్లు సార్, ముల్లు!" అంటూ ప్రతినిధి కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. ఇద్దరూ గంట కొట్టేదాకా వాటిని వదల్లేదు.

పన్నెండింటికి రెండు జడల పిల్ల బయటికొచ్చింది. "ఈ అట్ట నాకొద్దు టీచర్. తేలిగ్గా ఉంది గానీ నున్నగా జారిపోతోంది. అంచులు మోచేతికి గుచ్చుకుంటున్నాయి. వేలు పెడితే చాలు, మరక పడుతోంది. ఇరుకు బల్ల మీద సరిపోయింది, అదొక్కటే బాగుంది."

టీచరమ్మ అప్పుడు చూసింది దాని వంక, ఆపైన తన వంకే గుర్రుగా చూస్తున్న భర్త వంక. "నన్నంటారేంటండీ? అట్టలా ఉన్నదాన్ని అట్టల పక్కన పెడితే ఎవరైనా అట్టే అనుకుంటారు!"

ప్రతినిధి ఇద్దరికీ మధ్యలోంచి లాప్‌టాప్‌ను లాక్కుని, నాలుగు వైపులా తడిమి చూసుకుని, దాన్ని గుండెలకు హత్తుకుని వెళ్లిపోయాడు. సమీక్షకుడికి మిగిలింది పాతిక నిమిషాలు, చేతిలో ఫోను. ఏడుపొక్కటే తక్కువ. వరండాలో నిలబడి, ఆ పిల్ల అన్న మాటలన్నీ పొల్లుపోకుండా రాసి పంపేశాడు.

పావుగంటలో ఎడిటరమ్మ ఫోన్.

"ఏమైందండీ మీకివాళ? మోచేతికి గుచ్చుకుంటోందన్న మాట ఏ కంపెనీ కాగితంలోనూ దొరకదు. ఐదేళ్లలో మొదటిసారి వాడి చూసి రాశారు. శీర్షిక ఆపడం లేదు, వచ్చే వారం కూడా ఇలాగే రాయండి."

సమీక్షకుడికి ప్రాణం లేచొచ్చింది. వాడిందెవరని ఆవిడ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాస్తే మార్కులుండవని అతనూ ఊరుకున్నాడు.