రియాద్ టైము

గురువారం తెల్లవారుజామున సహరీ తిని, నమాజు చదివి ఇంటికొచ్చిన ఖయ్యూం సాబ్ ఆ రోజుకు రెండు పనులు పెట్టుకున్నాడు. మొదటిది, అల్లుడు వహీద్ రియాద్ నుంచి పంపిన, నమాజు పిలుపు దానంతటదే వినిపించే అజా గడియారంలో టైము పెట్టడం. రెండోది, సాయంత్రం గల్లీ పెద్దలను ఇంటికి పిలిచి, ఆ గడియారం అజా ఇస్తుండగా అందరి చేతా పగటి ఉపవాసం, రోజా, విడిపించడం. మొదటి పని చిటికెలో అయిపోతుందని ఆయన నమ్మకం. రెండోదాని గురించే బెంగ, బజ్జీలకు నూనె సరిపోతుందో లేదోనని.

ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. ఎల్లారెడ్డి బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన విజిల్ వేశాడంటే బస్సు కదలాల్సిందే, సర్పంచు బావమరిది సంచీ పట్టుకుని పరుగెత్తుకొస్తున్నా సరే. ఉద్యోగం పోయినా ఆ పేరు పోలేదు. గల్లీలో ఎవరికి టైము కావాల్సి వచ్చినా, తమ చేతికి గడియారం ఉన్నా కూడా, ఖయ్యూం సాబ్‌నే అడుగుతారు. చెప్పుకోదగ్గ ఆస్తిపాస్తులు లేని ఆయనకు అదే ఆస్తి.

అది తొంభై ఆరు, రంజాన్ చలికాలంలో వచ్చిన ఏడాది. గడియారం పచ్చగా, చిన్న మసీదులా ఉంది. రెండు మినార్లు, మధ్యలో అద్దం, అద్దంలో ముళ్ళకు బదులు అంకెలు. కింద నాలుగు మీటలు. మన దిక్కు అజా వేళలు దుకాణంలోనే ఎక్కించారనీ, టైము ఒక్కటి పెట్టుకుంటే చాలనీ వహీద్ కబురు చేశాడు. డబ్బాలో ఒక చిన్న పుస్తకం కూడా ఉంది.

పుస్తకంలో ఉన్నది అరబ్బీ. ఖయ్యూం సాబ్‌కు అరబ్బీ చదవడం వచ్చు, అర్థం రాదు. చిన్నప్పుడు మౌల్వీ సాబ్ బెత్తం పట్టుకుని నేర్పిన చదువు కాబట్టి, ఆయన చాప మీద కూర్చుని, ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీస్తూ గంభీరంగా చదివాడు. భార్య అన్వరి బేగం ఉల్లిగడ్డలు కోస్తున్నదల్లా తల మీద చెంగు కప్పుకుని చేతులు జోలెగా పట్టింది. బ్యాటరీల బొమ్మ ఉన్న పేజీ పూర్తికాగానే "ఆమీన్" అంది.

రంజాన్ కోసం పుట్టింట్లో ఉన్న కూతురు, వహీద్ భార్య సఫూరా వంగి చూసింది. "అబ్బా, ఎనుక దిక్కు ఇంగ్లీషుల గూడ ఉన్నది. ఇటియ్యి, నేను సూస్త."

"నాకు తెల్వదా ఏంది?" అన్నాడు ఖయ్యూం సాబ్. అన్వరి బేగం అప్పటికే ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, గుడ్డలో చుట్టి, ఎవరికీ అందని పై అరలో పెట్టేసింది.

ఆయన ఒక మీట నొక్కాడు. అంకెలు మిణుకుమన్నాయి. ఇంకో మీట నొక్కి పట్టుకున్నాడు. నిమిషాలు మేకలమందలా పరుగెత్తాయి. ఆపేసరికి తన చేతి గడియారం కంటే పావుగంట ముందుకు పోయాయి. వెనక్కి తిప్పే మీట దొరకలేదు. మళ్ళీ చుట్టూ తిప్పుకొచ్చాడు, మళ్ళీ దాటిపోయింది. మూడోసారీ అంతే.

"శుక్రారం వహీద్ ఫోన్ చేస్తడు గదా, అడుగరాదు?" అంది అన్వరి బేగం.

"లతీఫ్ టెలిఫోన్ బూతుల, పది మంది ముంగట, నాకు గడియారం పెట్ట రాదని చెప్పాల్నా?" అన్నాడాయన. చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు రెండు గడియారాల వంకా చూశాడు. కొత్తది మక్కా ఉన్న దేశం నుంచి వచ్చింది. చేతిది కామారెడ్డి బజారులో కొన్నది. తప్పెవరిదో తేలిపోయింది. ఆయన చేతి గడియారాన్ని పావుగంట ముందుకు తిప్పుకుని, అది ఇన్నేళ్ళూ తనను మోసం చేసినట్టు దాని వంక కోపంగా చూశాడు.

బయటికి రాగానే డ్రైవర్ సాయన్న ఎదురయ్యాడు. రోజూ డ్యూటీకి పోతూ ఖయ్యూం సాబ్‌ను అడిగి టైము సరిచేసుకోవడం ఆయనకు అలవాటు. ఈ రోజూ సరిచేసుకున్నాడు. దారిలో టెలిఫోన్ బూతు లతీఫ్‌కు కూడా "నీ గోడ గడియారం ఎనుకబడ్డది, ఖయ్యూం సాబ్ టైము గిది" అని పుణ్యానికి చెప్పి, దాన్ని ముందుకు తిప్పించి, బస్సెక్కి, కామారెడ్డికి పావుగంట ముందు బయల్దేరాడు. పక్కింటి షంషున్నీసా చుట్టిన బీడీల గంప నెత్తిన పెట్టుకుని బస్సు వెనక కొంతదూరం ఉరికి, నిలబడి, డ్రైవర్ వంశం మొత్తాన్నీ తలచుకుంది.

మధ్యాహ్నం సాయన్న తిరిగొచ్చి ఖయ్యూం సాబ్ అరుగు మీద కూలబడ్డాడు. "సాబ్, కామారెడ్డిల కంట్రోలర్ మస్తు తిట్టిండు. మందిని ఇడిసిపెట్టి వచ్చినవని మెమో ఇస్తడట."

ఖయ్యూం సాబ్ ఒకసారి చేతి గడియారం వంక చూసుకున్నాడు. అయినా నోరు మాత్రం, "ఆ పోరగానికి టైము ఏం తెల్సు? నిన్నగాక మొన్న నౌకరిల చేరిండు" అంది. సాయన్న సరేనని తలాడించాడు. ఇన్నేళ్ళ నమ్మకం మరి.

కానీ ఖయ్యూం సాబ్‌కు కాలు నిలవలేదు. పోనీ వేరే గడియారంతో పోల్చి చూద్దామని, ఏదో పని ఉన్నట్టు లతీఫ్ బూతుకు పోయాడు. గోడ మీద చూశాడు. తన చేతిదానితో నిమిషం తేడా లేకుండా ఉంది.

"నీ గడియారం కరెక్టేనా లతీఫ్?"

"పక్కా కరెక్టు సాబ్," అన్నాడు లతీఫ్ వినయంగా. ఆ టైము ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాల్సిన అవసరం ఆయనకు కనబడలేదు. ఖయ్యూం సాబ్ తన తప్పునే సాక్షిగా పిలిచి, అది చెప్పిన సాక్ష్యం నమ్మి, హాయిగా ఇంటికొచ్చాడు.

సాయంత్రానికి మబ్బు పట్టింది. పైగా వాకిట్లో టార్పాలిన్ కట్టారు కాబట్టి ఆకాశం కనిపించే అవకాశమే లేకపోయింది. చాపల మీద ఖర్జూరాలు, శనగ గుగ్గిళ్ళు, బజ్జీలు, ఎర్ర షర్బత్. మసీదులో నమాజు చదివించే పేషిమాం సాబ్ నడుమ కూర్చున్నాడు. షంషున్నీసాతో పాటు ఆడవాళ్ళంతా లోపలి గదిలో. సాయన్న కూడా వచ్చి ఓ పక్కన కూర్చున్నాడు. పచ్చ గడియారాన్ని స్టూలు మీద పెట్టి, దాని కింద సఫూరా కుట్టిన పూల గుడ్డ పరిచారు.

"ఇంకా చీకటి పడనట్టున్నది," అన్నాడు పేషిమాం సాబ్.

"రియాద్ నుంచి వచ్చింది హజ్రత్. తప్పుతదా?" అన్నాడు ఖయ్యూం సాబ్.

గడియారం గొంతెత్తింది. ఎంత చక్కటి గొంతు. అందరి కళ్ళూ చెమర్చాయి. దువా చదువుకుని ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. షర్బత్ తాగారు. బజ్జీలు రెండో విడత వచ్చాయి. వహీద్ ఎంత యోగ్యుడో, ఆ దేశంలో పెద్ద ఎలక్ట్రానిక్ దుకాణంలో పని చేయడమంటే మాటలు కాదనీ మెచ్చుకున్నారు. తలుపు చాటున సఫూరా ముఖం వెలిగిపోతోంది.

అప్పుడు ఊరి అవతల పెద్ద మసీదు సైరన్ మోగింది.

నమలడం ఆగిపోయింది. ఆ సైరన్ మోగేది ఒకందుకే, రోజా విడిచే వేళైందని. ఖయ్యూం సాబ్ నోట్లో అప్పుడే కొరికిన మిరపకాయ బజ్జీ ఉంది. మింగలేక కక్కలేక అనే మాట ఆయన చాలాసార్లు విన్నాడు గానీ, దాని రుచి ఆ రోజే తెలిసింది.

"సాబ్," అన్నాడు సాయన్న మెల్లగా, "అంటే నా బస్సు గూడ..."

పేషిమాం సాబ్ మూతి తుడుచుకున్నాడు. "తెల్వక చేసింది గునా కాదు. కాని ఈ రోజా లెక్కకు రాదు. పండుగైనంక అందరం దీనికి బదులు ఒక రోజు ఖజా రోజా ఉండాలె."

లోపలి గది నుంచి షంషున్నీసా గొంతు వచ్చింది. "పొద్దంత ఎండుకపోయి, బస్సు ఎంబడి ఉరికి, నోట్లె నీళ్ళు పొయ్యకుంట ఉన్న రోజా. ఇప్పుడు లేదంటరా?"

అందరూ ఖయ్యూం సాబ్ వంకే చూశారు. టైము పెట్టడం నాకు రాలేదు, అడగడానికి సిగ్గయింది. చెప్పాల్సింది ఇంతే. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బయటికి వచ్చింది మాత్రం వేరే మాట. "గడియారంలనే ఏదో ఖరాబున్నట్టున్నది."

"అల్లుడు నకిలీ మాల్ అంటగట్టిండన్నట్టు," అన్నాడు లతీఫ్. ఎవరో నవ్వారు. తలుపు చాటున సఫూరా తల దించుకుని, వచ్చి, గడియారం కింది పూల గుడ్డను లాక్కుని లోపలికి పోయింది. ఖయ్యూం సాబ్‌కు భూమి చీలితే బాగుండనిపించింది. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. రోజా పోయినందుకు కాదు, కూతురి తల దించినందుకు.

మర్నాడు జుమా నమాజు అయ్యాక, వహీద్ ఫోన్ వచ్చే వేళకు ఆయన అందరికంటే ముందు లతీఫ్ బూతులో ఉన్నాడు. వెనకే సఫూరా వచ్చింది. నకిలీ మాల్ సంగతి తేలుతుందని మరో నలుగురూ చేరారు. షంషున్నీసా పీట తెచ్చుకుని కూర్చుంది. ఫోన్ మోగగానే ఖయ్యూం సాబ్ అద్దాల తలుపు వేసుకున్నాడు. సంగతంతా దాచకుండా చెప్పి, చివరికి ఇన్నేళ్ళలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

"బేటా, దాంట్ల టైము ఎట్ల పెడ్తరో నాకు చెప్పు. నాకు తెల్వది."

అటువైపు గరగర శబ్దం మధ్య వహీద్ గొంతు తగ్గింది.

"మామా, కోపం చెయ్యకుండ్రి," అన్నాడు వహీద్. "నాకు గూడ తెల్వది. పోయిన రంజాన్ల దాన్ని మా రూముల పెట్టిన. రూమోళ్ళందరు పొద్దు గుంకకముందే రోజా విడిచిండ్రు. పండుగ దాక నాతోని ఒక్కడు మాట్లాడలే. మీరు టైము మనిషి గదా, మీకైతే సమజైతదని పంపిన."

"ఎలక్ట్రానిక్ దుకాణంల పని గదా నీది?"

"డబ్బాలు మోస్త మామా. సఫూరాకు తెల్వది. ఎవ్వరికి చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది."

ఖయ్యూం సాబ్ అద్దంలోంచి బయటికి చూశాడు. సఫూరా కొంగు అంచు వేలికి చుట్టుకుని తననే చూస్తోంది. ఒక్క మాట చెబితే చాలు, తన పేరు తనకు తిరిగొస్తుంది. ఎలక్ట్రానిక్ దుకాణంలో ఉన్నవాడికే రానిది ముసలివాడికి ఎలా వస్తుందని గల్లీ అంతా జాలిపడుతుంది. నిన్న బజ్జీ ఇరుక్కున్న గొంతులో ఈసారి ఆ మాట ఇరుక్కుంది. దాన్ని మాత్రం ఆయన మింగగలిగాడు.

"ఏం ఫికర్ చెయ్యకు బేటా," అని ఫోన్ పెట్టేసి తలుపు తీశాడు.

"ఏమన్నడు ఖయ్యూం భాయ్, అల్లుడు?" అంది షంషున్నీసా.

"గడియారం మంచిదే. వాడు మంచిగనే పంపిండు. టైము పెట్టుడు నాకు రాలే. రాదని చెప్పెతందుకు సిగ్గయింది. సాయన్నను తప్పు దారి పట్టించింది నేనే, నీ బస్సు పోగొట్టింది నేనే, అందరి రోజా పోగొట్టింది నేనే."

తిడదామని తయారై వచ్చినవాళ్ళకు తిట్టడానికి ఏమీ మిగల్లేదు. సఫూరా మాత్రం తలెత్తి, "నాకు ముందుగాల్నే తెల్సు అబ్బా, మా ఆయన మాల్ అసొంటిది కాదని" అంది. ఖయ్యూం సాబ్ అవునన్నట్టు తలాడించాడు. ముఖం ఇంకా మండుతూనే ఉంది గానీ, ఆ మంట నిన్నటిది కాదు.

పండుగ అయ్యాక గల్లీ అంతా ఒకే రోజు ఖజా రోజా ఉంది. ఇఫ్తార్ ఖయ్యూం సాబ్ ఇంట్లోనే జరగాలని షంషున్నీసా తీర్మానించింది, ఎవరూ కాదనలేదు. టైము చెప్పే బాధ్యతను మాత్రం, టార్పాలిన్ విప్పించి, సూర్యుడికి అప్పజెప్పారు.