మా మనవరాలి నీలం బ్యాడ్జి

పిల్లలకు పాఠం చెప్పడం మానేస్తేనే లోకం బాగుపడుతుందని జూలై పదకొండో తారీకు ఉదయం, మాడిన బ్రెడ్డు తింటుండగా నాకు జ్ఞానోదయమైంది. మా ఆవిడ పోయాక టోస్టర్ నా మాట వినడం లేదు. నలుపంతా మనవరాలే చెంచాతో గీకి పెడుతుంది.

ఆ రోజు దాని మెడలో నీలం బ్యాడ్జి!

"ఏమిటే ఇది?"

"నేను చూసే రకం, తాతయ్యా. చూస్తేనే నేర్చుకుంటానట. స్కూల్లో టెస్టు పెట్టి తేల్చారు. నాకు చెబితే ఎక్కదట. అందుకే టీచర్ చెప్పరు."

"మరి భాగహారం?"

"బొమ్మ గోడకి అంటించారు. చూస్తూ ఉండమన్నారు. సోమవారం పరీక్ష, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

ఎంత గొప్ప సౌకర్యమో చూశారా! మా రోజుల్లో పిల్లకు అర్థం కాకపోతే తప్పు మాస్టారిది. గొంతు పోయేదాకా చెప్పి, మర్నాడు పుస్తకం మూయించి మళ్ళీ అడిగేవారు. ఎంత అనాగరికం! ఇప్పుడు బ్యాడ్జి తగిలిస్తే చాలు, తప్పు పిల్ల మెదడుది!

బడికెళ్ళి కౌన్సెలర్ గారిని అభినందించాను. "ఇదంతా కాగ్నిటివ్ సైకాలజీ సార్, బుర్ర ఎలా నేర్చుకుంటుందో చెప్పే శాస్త్రం," అన్నాడు.

"ఈ రకాల సంగతికి రుజువు లేదని ఆ శాస్త్రంవాళ్ళే అంటున్నారు కదండీ?"

"మీరు చదివే రకం అనుకుంటా," అని జాలిపడి, నాకో పచ్చ బ్యాడ్జి ఇచ్చాడు.

ఈ వరం ఇంట్లోకీ పాకింది. చెత్తబుట్ట బయట పెట్టమంటే మావాడు "నేను చూసే రకం" అని చూస్తూ కూర్చున్నాడు. "నేను చేత్తో చెప్పే రకం, చూపించనా?" అంది కోడలు. చటుక్కున లేచాడు. శాస్త్రం పనిచేయదని ఎవరన్నారు?

ఆదివారం రాత్రి మనవరాలు నా గదికొచ్చింది. పద్నాలుగు బిస్కెట్లు, ఇంట్లో నలుగురం, తలా ఎన్ని? ఒకసారి చెప్పాను, ఎక్కలేదు. ఇంకోసారి చెప్పాను, తల ఊపింది గానీ కళ్ళు ఊపలేదు. మళ్ళీ చెప్పాను. ఆఖరికి బిస్కెట్లు దాచేసి, "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు," అన్నాను.

తడబడింది. తప్పు చెప్పింది. దిద్దుకుంది. "తలా మూడు! మిగిలిన రెండూ చెప్పినవాళ్ళకే!" అని దాచిన చోటు నుంచి తీసి గభాలున తినేసింది.

"అయితే నేను ఏ రకం, తాతయ్యా?"

"మళ్ళీ చెప్పించుకునే రకం."

"దానికి ఏ రంగు బ్యాడ్జి?"

"అది మీ బళ్ళో ఉండదమ్మా. అదిస్తే ఎవరో ఒకరు మళ్ళీ చెప్పాలిగా!"

నీలం బ్యాడ్జి తీసి నా బల్ల మీద పచ్చదాని పక్కన పెట్టింది. లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.