నలభై తొమ్మిది మూలలు

సోమవారం పొద్దున్నే తడ రైలు అందుకోవాలని బయలుదేరిన మస్తానమ్మ, గడప దాటబోతూ ఆగి, కోడలికి పని అప్పగించింది. ఎర్ర ముక్కలు ముప్పై రెండు తాను కోసి పెట్టింది. నీలం ముక్కలు ముప్పై రెండు షాహిదాబీ కోసుకోవాలి. ఒక వరస ఎరుపు, ఒక వరస నీలం, వరసకు ఎనిమిది. శుక్రవారం పొద్దునకి బొంత ఇందుకూరుపేటలో రాఘవమ్మ గారింట్లో ఉండాలి.

"ఎంతెంత కొయ్యాలత్తా?"

"జానెడు."

"టేపుతో కొలవనా? కొత్తది తెచ్చారు కదా. ఒక పక్క అంగుళాలు, ఇంకో పక్క సెంటీమీటర్లు."

"చేతిలో జాన పెట్టుకోని టేపెందుకమ్మే? మా అత్త చూసిందా టేపు? నేను చూసినానా? మూలలన్నీ కలవాల. ఒక్కటి మాత్రం తప్పించు, దిష్టికి."

నెల్లూరులో దూదేకి బొంతలు కుట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి గాని, మస్తానమ్మ బొంతకు ఒక గుర్తుంది. ముక్కల మూలలన్నీ గీత గీసినట్టు కలుస్తాయి. ఒక్కచోట మాత్రం కావాలనే వేలెడు పక్కకు జరుగుతుంది. అంత చక్కని బొంతకు దిష్టి తగలకుండా ఆ లోపం. కొనేవాళ్ళు బొంత పరవగానే ముందు ఆ మూల వెతుక్కుని, అది దొరికాకే బాగుందనేవారు.

షాహిదాబీకి పెళ్ళయి మూడు నెలలు. కోవూరు పిల్ల, పి.యు.సి. చదివింది, లెక్కల్లో దిట్ట. ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది ముక్కలు అంటే లోపలి మూలలు నలభై తొమ్మిదని అప్పటికప్పుడు నోటితో తేల్చేసింది. కలవాల్సినవి నలభై ఎనిమిది, తప్పాల్సింది ఒకటి. ఆ లెక్క అత్తకు చెప్పబోయేసరికి అత్త వీధి మలుపు తిరిగిపోయింది.

ఇంత ఉత్సాహానికి కారణం బొంత కాదు, సముద్రం. పెన్న ఒడ్డున పెరిగిన పిల్ల ఇంతవరకూ సముద్రం చూడలేదు. ఇందుకూరుపేటలో బొంత ఇచ్చేసి, అటునుంచి అటే సైకిలు మీద మైపాడు తీసుకుపోతానని మొగుడు మౌలా మాటిచ్చాడు. మస్తానమ్మ కూడా సరేనంది. "బొంత ఇచ్చి యాడికన్నా పోండి. బొంత కాకుండా సైకిలు కదిలిందా, ఊరుకునేది లేదు" అని మాత్రం చేర్చింది.

షాహిదాబీ ఆ రోజే కూర్చుని తన జానతో కొలిచి ముప్పై రెండు ముక్కలు కోసింది. ప్రతి ముక్కకూ చెయ్యి చాపినప్పుడల్లా గాజులు గలగలమంటుంటే, బొంతలు కుట్టడం ఇంత ఆనందమైన పని అని ఎవరూ చెప్పలేదేమా అనుకుంది.

మంగళవారం ఎరుపు వరస ఒకటి, నీలం వరస ఒకటి కుట్టి పక్కపక్కన పెట్టింది. మొదటి అతుకు దగ్గర వేలెడు తేడా. రెండో అతుకు దగ్గర రెండు వేళ్ళు. చివరికొచ్చేసరికి ఎరుపు ఎనిమిది వేళ్ళు ముందుకు పోయింది. దర్జాగా పోయింది.

"కుదర్లేదండీ" అంది మొగుడితో, గొంతు చిన్నది చేసుకుని.

మౌలా రెండు వరసలూ చూశాడు. తల అటు వంచి చూశాడు, ఇటు వంచి చూశాడు. "ఇంకా మూడు రోజులుండాయి గదా, ఏం కాదులే" అన్నాడు. కొత్తగా పెళ్ళయిన వాడు అంతకంటే ఏమంటాడు?

వరసలు విప్పేశారు. బుధవారం మధ్యాహ్నం షాహిదాబీ వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని, ఎర్ర ముక్కలు ముప్పై రెండింటికీ వెడల్పులో వేలెడు చొప్పున కత్తిరించి పారేసింది. మొగుడికి చెప్పలేదు. సరిగ్గా కలిశాక చూపించి ఆశ్చర్యపరచాలని ఆమె ఉద్దేశం. అదే మధ్యాహ్నం ముందు గదిలో మిషను దగ్గర మౌలా, నీలం ముక్కలు ముప్పై రెండింటికీ మిగిలిన నీలం చీరలోంచి వేలెడు పీలిక చొప్పున అతికాడు. పెళ్ళానికి చెప్పలేదు. ఉద్దేశం అదే.

సాయంత్రం ఇద్దరూ చెరొక కట్ట పట్టుకుని, చెరొక నవ్వు దాచుకుంటూ వసారాలోకి వచ్చారు. మళ్ళీ రెండు వరసలు కుట్టి పక్కన పెట్టారు. ఈసారి నీలం ఎనిమిది వేళ్ళు ముందుకు పోయింది.

"నువ్వు కోసినావా?"

"మీరు అతికారా?"

వసారా చివర మామ హజరత్తయ్య విల్లుతో దూది ఏకుతున్నాడు. మీసాల మీద, కనుబొమ్మల మీద దూది. విల్లు ఆపకుండానే, "మీ అత్త జాన వేరు, నీ జాన వేరు" అన్నాడు.

"ముందే చెప్పచ్చు గదా మామా!"

"నన్నెవురడిగినారు?" అని ఆయన దూదిలోకి వెళ్ళిపోయాడు.

గురువారం ఇక వేరే దారి లేక, కోసి పారేసిన ఎర్ర పీలికలన్నీ చెత్తబుట్టలోంచి ఏరి, దులిపి, కోసిన ముక్కలకే తిరిగి అతికారు. కాని కత్తెర తీసుకున్నదంతా సూది తిరిగి ఇవ్వదు. కుట్టు ఒకచోట అరవేలు మింగింది, ఒకచోట వేలు మింగింది. పొట్టిగా ఉన్నచోట లాగి, పొడుగైనచోట ముడిచి, ఎలాగో ఎనిమిది వరసలూ ఒకదానికొకటి తగిలించారు. కింద గుడ్డ పరిచి, మామ ఏకిన దూది పేర్చి, ముగ్గురూ మూడు వైపులా కూర్చుని కుట్టారు. దీపాలు పెట్టే వేళకు బొంత అయింది. షాహిదాబీ మూలలు లెక్కపెట్టింది. నలభై ఎనిమిది తప్పాయి. కలిసింది ఒక్కటి, నట్టనడుమ.

"లెక్క సరిపోయింది, తిరగబడి" అంది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ముందు నవ్వింది.

శుక్రవారం తొమ్మిదింటి రైలుకు మస్తానమ్మ వస్తుంది. ఆరింటికే మౌలా బొంత చుట్టి, పెళ్ళాం ఒళ్ళో పెట్టి, సైకిలు తొక్కాడు. దారి పొడుగునా వరి చేల మీద గాలి చల్లగా తగులుతున్నా, ఆమెకు సముద్రం గుర్తు రాలేదు. రాఘవమ్మ గారు బొంత మొహాన కొడితే ఆ మాట తాము ఇంటికి చేరకముందే అత్త చెవిన పడుతుందనీ, ఇక సూదీ మైపాడూ రెండూ అందవనీ గుర్తొచ్చింది.

రాఘవమ్మ పొలమూ పాడీ ఉన్న ఇంటి పెద్దావిడ. బొంత చాప మీద పరిచి, మోకాళ్ళ మీద వంగింది.

"మీ అమ్మ దిష్టి మూల యాడ పెట్టిందబ్బయా? ఆ, ఇదిగో." పక్కకు చూసింది. "ఇదీ." ఇంకో పక్కకు చూసింది. అయిదో మూల దగ్గర మాటలు ఆగిపోయాయి. షాహిదాబీ మౌలా వైపు చూసింది. మౌలా సైకిలు వైపు చూశాడు.

"అమ్మా, అసలేం జరిగిందంటే..."

"ఉండు పిల్లా, లెక్క తప్పుద్ది."

ఆవిడ వేలితో ఒక్కొక్క మూలా తడుముతూ బొంత చుట్టూ పాకింది. నలభై ఎనిమిది దగ్గర లేచి కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది.

"మస్తానమ్మకి ఎవురు చెప్పినారబ్బయా?"

"ఏందమ్మా?"

"మా అమ్మాయికి కవలలు పుట్టినారని! ఇద్దరూ మొగపిల్లలే. వచ్చిపోయేవాళ్ళంతా గుడ్లప్పగించి చూసేవాళ్ళేనాయె. ఇద్దరికీ కలిపి ఒక్క మూల ఎట్టా చాలుద్దా అని నాకు అన్నం సయించడంలా. అడగాలంటే మొహమాటం. అడక్కుండానే చేసింది చూడు, మహాతల్లి!" అంతలో ఆవిడ చూపు నడిమి మూల మీద పడింది. మొహం చిట్లించింది. "ఇదొక్కటీ కలిసిందేమే?"

"పొరపాటమ్మా" అన్నాడు మౌలా.

"పోన్లే, చేతి పనన్నాక ఒకటి అటూ ఇటూ అవుద్ది. మా తోడికోడళ్ళకి మూడు కావాల, వచ్చే శుక్రవారానికి. అచ్చం ఇట్టాంటివే."

మైపాడులో షాహిదాబీ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఒక్కొక్క అలనూ వేలు చూపించి మొగుడికి పరిచయం చేసింది. కొత్త బొంతలకని రాఘవమ్మ గారిచ్చిన పాత చీరల మూట ఒడ్డున సైకిలుకు ఆనుకుని వాళ్ళ కోసం ఎదురుచూసింది.

ఇంటికొచ్చి జరిగినదంతా చెప్పేశారు. మస్తానమ్మ అంతా విని, కోడలి చెయ్యి లాక్కుని తన అరచేతి మీద పెట్టి చూసుకుంది. కోడలి జాన సరిగ్గా వేలెడు తక్కువ.

"ఇంత చిన్న చెయ్యేందమ్మే! సరే, రెండు నువ్వు కుట్టు, ఒకటి నేను కుడతా. వంకరగా కుట్టడం ఎవురికి రాదు?"

తరవాతి శుక్రవారానికి షాహిదాబీ కుట్టిన రెండు బొంతలూ ఇందుకూరుపేట చేరాయి. మస్తానమ్మది నలభై ఎనిమిది మూలలూ చక్కగా కలిసి పాడైపోయింది.