వత్తు ఊడిన ఊరు

రాళ్ళగూడేన్ని నూటికి నూరు పాళ్ళూ ఉద్ధరింపబడిన గ్రామంగా ప్రకటించడానికి సర్వం సిద్ధమైంది. ఒక్క అడ్డంకి మాత్రం మిగిలింది. ఆ అడ్డంకి పేరు రామనర్సయ్య. అతనికి అప్పు లేదు.

ఇది ఎంత తీవ్రమైన విషయమో దూరాన ఉన్నవారికి వెంటనే బోధపడదు. రాళ్ళగూడెం మరైగూడ దాటి, వాగు దాటి, ఆ తర్వాత ఓపిక ఉంటే వచ్చే ఊరు. బస్తర్ రాజ్యం దేశంలో కలిసి ఒక తరం గడిచింది. రాజుగారి కాలంలో ఈ ఊరినెవరూ పట్టించుకోలేదు. ఆ లోటు తీర్చడానికి సర్కారు 'గ్రామ్ ఉద్ధార్ యోజన' తెచ్చింది. పథకం చాలా సులువు. ప్రతి ఇంటికీ బ్యాంకు అప్పిస్తుంది. అప్పుతో వస్తువు వస్తుంది. వస్తువుతో ఉద్ధరణ దానంతటదే వస్తుంది. ఊళ్ళో ఒక్క ఇల్లూ మిగలకుండా అప్పు తీసుకున్ననాడు ఊరికి ఒక చేతిపంపు బహుమానం.

ఊరి మొదట్లో హిందీలో బోర్డు పెట్టారు. రాయడానికి సంత జరిగే కోంటా నుంచి కాశీవిశ్వనాథం అనే పెయింటరు వచ్చాడు. అతని బేరం అక్షరానికి ఇంత, వత్తుకు వేరే. సర్పంచ్ పొజ్జా ప్రజల సొమ్ము విషయంలో మహా గట్టివాడు. ఒక వత్తు తగ్గించమన్నాడు. హిందీలో ఉద్ధార్ అంటే ఉద్ధరణ. ఉధార్ అంటే అప్పు. మధ్యలో తేడా ఆ వత్తే. బోర్డు మీద 'గ్రామ్ ఉధార్ యోజన' అని పడింది. మొత్తం పథకంలో ఆదా అయిన సొమ్ము అదొక్కటే. ఆ బోర్డు పక్కనుంచి ఎన్నో జీపులు వచ్చాయి, పోయాయి. తప్పుందని ఎవరూ అనలేదు. తప్పేముంది కనుక.

ఉద్ధరణ జోరుగా సాగింది. వస్తువులన్నీ కోంటాలోని శ్రీరంగం సేటు సరఫరా చేశాడు. పాడి కోసం లచ్చుకు ఒక బర్రెను ఇచ్చారు. లచ్చు దొర్ల తెగవాడు. అతని ఇంట్లో తాతల నాటి నుంచీ ఎవరూ పాలు పిండలేదు. "దూడ తాగే పాలు మనం తాగుడేంది, సిగ్గు లేదా?" అని బర్రెను అరకకు కట్టాడు. బర్రె రోజుకు బిందెడు పాలు ఇస్తున్నట్టు నివేదిక వెళ్ళింది. రోడ్డు లేని ఊరికి సైకిల్ రిక్షా వచ్చింది. దాని మీద కోళ్ళు పడుకునేవి. కిరాణా దుకాణాలు తొమ్మిది మంజూరయ్యాయి, అందులో ఒకటి సర్పంచ్ పొజ్జాకే. నలభై గడపల ఊళ్ళో తొమ్మిది దుకాణాలవాళ్ళూ ఒకరి దగ్గర ఒకరు అప్పు పెట్టి సరుకు తెచ్చుకున్నారు. వాణిజ్యం పుంజుకున్నట్టు మరో నివేదిక వెళ్ళింది.

వీళ్ళందరి మధ్యా రామనర్సయ్య ఊరి పరువు తీస్తూ బతుకుతున్నాడు.

అతను అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా చీల్చి రెండుసార్లు గీస్తాడు. అన్నం ముందు కూర్చున్నప్పుడు దీపం వెలిగించి, కంచం ఎక్కడుందో చూసుకుని ఆర్పేస్తాడు. నోరెక్కడుందో అతనికి తెలుసు. కోంటా సంతకు చెప్పులు చంకలో పెట్టుకుపోయి, అంగడి కనబడ్డాక తొడుక్కుంటాడు. పొరుగింటికి వెళ్ళి ఇంత మజ్జిగ తోడు కూడా అడగడు. గోరువెచ్చని పాలలో మిరపకాయ తొడిమలు వేసి తోడు పెడతాడు. అగ్గిపెట్టె నిండుకున్ననాడు నిప్పు అడుక్కోవాల్సి వస్తుందని రాత్రి ఇప్పదుంగను బూడిదలో పూడ్చి పడుకుంటాడు. అతనికి రెండెకరాల చేను, ఒక ఆవు, ఒక జత ఎడ్లు. ఇంతే. ఎవరికీ బాకీ లేదు.

దీనికి కారణం అతని తండ్రి. రాజుగారి కాలంలో ఆయన శ్రీరంగం సేటు తండ్రి దగ్గర ఒక బస్తా ఉప్పు అప్పు తెచ్చాడు. ఆ ఉప్పు తిన్న కాలం కంటే ఆ ఉప్పు కోసం సేటు ఇంట్లో చాకిరీ చేసిన కాలం ఎక్కువ. ఆయన పోయేనాటికి ఇంకా అర బస్తా మిగిలిందని సేటు లెక్క తేల్చాడు. ఆ అర బస్తానూ రామనర్సయ్య మీసాలు రాకముందే గొడ్లు కాసి తీర్చాడు. ఆనాడు వాగులో మునిగి, ఇక చచ్చినా ఎవరి దగ్గరా చెయ్యి చాచనని ఒట్టు పెట్టుకున్నాడు. ఈ కథలో అతనికున్న ఆస్తి ఆ ఒట్టే. చదివేవారు దాన్నే కనిపెట్టుకుని ఉండాలి.

భార్య దుర్గమ్మకు ఆ ఒట్టుతో పనిలేదు. ఆమెకు నీళ్ళతో పని.

"ఊరంతా ఉద్ధారమవుతుంటే నువ్వొక్కడివే మిగిలినవ్" అనేది. "ఆ వాగుల చెలమ తోడి తోడి నా నడుము ఇరుగుతున్నది. నువ్వొక్క బర్రెకు దస్ఖత్ పెడితే ఇంటి ముంగట పంపు పడతదట. నీ అయ్య ముల్లె ఏమన్న పోతదా?"

"పోతదే. మా అయ్య ముల్లె పోయింది గట్లనే."

"ఆయన ఉప్పు తెచ్చిండు. ఇది బర్రె."

"బర్రె ఉప్పు కంటె ఎక్కువ తింటది."

విషయం ఠాణాకు చేరింది. ఒక జవాను విచారణకు వచ్చాడు.

"అప్పు లేకుండ ఎట్ల బతుకుతున్నవ్?"

"తక్కువ తిని, సార్."

"అడివిలకెళ్ళి ఎవరన్న ఇస్తున్నరా?"

"అడివే ఇస్తది సార్. ఇప్పపువ్వు."

వ్యక్తి తన ఆదాయ మార్గం చెప్పడానికి నిరాకరించాడనీ, ఇప్పపువ్వు అనేది ఎవరి మారుపేరో తెలుసుకోవలసి ఉన్నదనీ జవాను రాసుకుని వెళ్ళాడు.

చివరకు పథకం నడిపే జిల్లా సాహెబే స్వయంగా వచ్చాడు. రిక్షా మీది కోళ్ళను తోలి, దుప్పటి పరిచి, దాన్నే వేదిక చేశారు. సాహెబ్ హిందీలో గంటసేపు ఉపన్యసించాడు. అప్పు అంటే నమ్మకమన్నాడు. దేశం ప్రపంచం దగ్గర అప్పు తెస్తున్నదనీ, రాష్ట్రం దేశం దగ్గర తెస్తున్నదనీ, ఈ మహాయజ్ఞంలో ఒక్క పౌరుడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత స్వార్థమో ఆలోచించమన్నాడు. నీళ్ళు తాగి కూర్చున్నాడు. ఆ ఉపన్యాసాన్ని శ్రీరంగం సేటు ఊరివాళ్ళకు తెలుగు చేశాడు.

"తీసుకోమంటున్నరు" అన్నాడు.

అందరూ రామనర్సయ్య వైపు చూశారు. ఆడవాళ్ళ వరసలోంచి దుర్గమ్మ చూపు కూడా వచ్చింది. ఖాళీ బిందె ఆమె చంకలోనే ఉంది. ఆ బిందెను చూశాక రామనర్సయ్యకు మొండితనం కొంత జారింది. కానీ ఒట్టు జారలేదు. లేచి ఒక ఉపాయం చెప్పాడు.

"ఇయ్యుండ్రి, తీసుకుంట. తీసుకున్న కాన్నే తిరిగిస్త. మీ లెక్క నిండుతది. నా ఒట్టు ఉంటది. సరేనా?"

సేటు ఇది హిందీలో చెప్పగానే సాహెబ్ ముఖం వెలిగిపోయింది. నూరు శాతం పంపిణీ, అదే రోజు వసూలు! బస్తర్ జిల్లా చరిత్రలో లేదు. వెంటనే ఏర్పాట్లు జరిగాయి. సేటు దగ్గర బర్రెలు అయిపోయినందున లచ్చు బర్రెనే అరక విప్పి తెచ్చారు. రామనర్సయ్య పలుపు పట్టుకున్నాడు. ఫోటో తీశారు. బీడీ సగం కాలేంత సేపు అతను బర్రెకు యజమానిగా ఉన్నాడు. తర్వాత పలుపు తిరిగి ఇచ్చేశాడు. మరో ఫోటో తీశారు. పొదుపులో ఇతను జిల్లాకే ఆదర్శమని సాహెబ్ తన మెడలోని దండ తీసి అతని మెడలో వేశాడు. ఊరు చప్పట్లు కొట్టింది. దుర్గమ్మ అయితే ఇంటికొచ్చాక, "ఇగ మనిషివైనవ్" అంది. ఆ రాత్రి రామనర్సయ్య దీపం ఆర్పకుండా అన్నం తిన్నాడు.

పంపు వేశారు. దాంట్లోంచి ఇనుపతుప్పు రంగులో ఎర్రనీళ్ళు వచ్చాయి. వాటితో వండితే అన్నం నల్లబడేది. దుర్గమ్మ మళ్ళీ చెలమకే పోయింది. పంపు పని చేస్తున్నట్టు నివేదిక వెళ్ళింది. అబద్ధం కాదు. పని చేస్తూనే ఉంది.

వానకాలం పోయాక ఒక సంత రోజు రామనర్సయ్య అంగడి చేరకముందే శ్రీరంగం సేటు దుకాణంలోంచి పిలిచాడు.

"రామనర్సయ్యా, రా, కూర్చో. చెప్తే బాధపడతవని ఇన్నాళ్ళు చెప్పలే."

"ఏంది సేటూ?"

"ఆనాటి ఖర్చులు. స్టాంపులు, ఫారాలు, రెండు ఫోటోలు. బర్రెకు బీమా. బర్రె కోంటా నుంచి నీ ఊరికి నడిచిన కూలి, తిరిగి నడిచిన కూలి."

"అది లచ్చు బర్రె! పక్కింటి నుంచి వచ్చింది!"

"లెక్కల కోంటా నుంచే రావాలె గదా. ఇగ సాహెబ్ దండ. ఆఖరుకు నీ మెడల్నే పడ్డది. అక్కడ అందరి ముంగట నీ పరువు పోవద్దని నేనే కట్టిన. వడ్డీ కూడ ధర్మవడ్డీయే ఏసిన."

"నేను అడగలే గదా!"

"అడిగితే ఎవడన్న ఇస్తడు. అడగకుండ ఇచ్చినోడు దొరుకుతడా, రామనర్సయ్యా?"

రామనర్సయ్య ఆ రోజు చెప్పులు తొడుక్కోవడం మరిచి, చంకలో పెట్టుకునే అంగడంతా తిరిగాడు.

అతను ఒక ఎద్దును అమ్మాడు. అది వడ్డీకి సరిపోయింది. మిగిలిన ఎద్దుతో అరక కట్టలేక లచ్చు బర్రెను బాడిగకు అడిగాడు. ఎద్దు ఒకవైపు, బ్యాంకు బర్రె ఒకవైపు. ఎద్దు తొందరపడేది. బర్రె బురద కనబడితే కూర్చునేది. అతని చేలో చాళ్ళన్నీ ఆ ఏడు గుండ్రంగా పడ్డాయి. బాడిగను కూడా సేటే అడగకుండా కట్టి బాకీలో రాసుకున్నాడు. కానీ ఊరివాళ్ళు మాత్రం మొదటిసారి అతనితో ఆప్యాయంగా మాట్లాడారు. "మనోడివైనవ్ మామా" అని లచ్చు బీడీ ఇచ్చాడు. వసూలు జీపు చప్పుడు వినగానే ఏ దారిన అడివిలోకి పోవాలో కూడా ప్రేమగా చూపించాడు. ఆ దారి రామనర్సయ్యకు అక్కరకు రాలేదు. సేటుకు జీపు లేదు. సంతలో అతనే ఎదురుపడతాడు.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. సర్కారుకు రైతుల మీద జాలి కలిగింది. బ్యాంకు అప్పులన్నీ మాఫీ చేసింది. లచ్చు బర్రె మాఫీ అయింది. రిక్షా మాఫీ అయింది. తొమ్మిది దుకాణాలూ మాఫీ అయ్యాయి. రాళ్ళగూడేన్ని నూటికి నూరు పాళ్ళూ 'ఋణముక్త్ గ్రామ్'గా ప్రకటించడానికి సర్వం సిద్ధమైంది. ఒక్క అడ్డంకి మాత్రం మిగిలింది. ఆ అడ్డంకి పేరు రామనర్సయ్య. అతనికి అప్పు ఉంది.

ఈసారి కొత్త సాహెబ్ వచ్చాడు. పాతాయన ఆ ఫోటోల పుణ్యమా అని పైకి వెళ్ళిపోయాడు. కొత్తాయన కళ్ళద్దాలు పెట్టుకుని ముందుగా బోర్డు చదివాడు. వత్తు ఏదని నిప్పులు తొక్కాడు. పెయింటరు కాశీవిశ్వనాథాన్ని పిలిపించి, రాష్ట్రభాషకు ఇంత అవమానమా అని అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. ఇక జన్మలో వత్తు మరవనని పెయింటరు లెంపలు వేసుకున్నాడు.

రామనర్సయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాది గూడ కొట్టేయుండ్రి సార్."

సేటే మళ్ళీ దుబాసీ. సాహెబ్ కాగితాలు తిరగేసి, "బ్యాంకుకు నువ్వేం బాకీ లేవే! తీసుకున్న రోజే కట్టేశావు. ఎవరు కట్టమన్నారు?" అన్నాడు.

"అయితే ఇప్పుడు ఒక బర్రెను ఇప్పియ్యుండ్రి సార్. దాన్ని అమ్మి సేటుది కట్టేస్త. బ్యాంకుది వచ్చే ఎన్నికలకు మీరే కొట్టేస్తరు."

ఈ మాట అనడానికి రామనర్సయ్యకు యాభై ఏళ్ళు పట్టింది. వాగులో మునిగి పెట్టుకున్న ఒట్టు ఆ రిక్షా ముందు రాలిపోయింది. అది రాలినప్పుడు చప్పుడేమీ కాలేదు. కోళ్ళు కూడా లేవలేదు.

"ఇప్పుడు అప్పిస్తే ఇది అప్పు లేని ఊరెలా అవుతుంది?" అని సాహెబ్ నవ్వాడు. రామనర్సయ్య తెలివితక్కువతనానికి ఊరంతా నవ్వింది. సేటు తెలుగు చేయనవసరం లేకపోయింది.

సర్పంచ్ పొజ్జా పరిష్కారం కనిపెట్టాడు. నలుగురు కలిసి పొలిమేర రాయిని పెకలించి ఊరి చివరింటికి ఇవతల పాతారు. రామనర్సయ్య ఇల్లు కదలలేదు. ఊరే కొంచెం పక్కకు జరిగింది. మధ్యాహ్నానికల్లా ప్రకటన అయిపోయింది. మిఠాయిలు కూడా పంచారు. హద్దు అవతల ఇవ్వలేదు.

బీడీల కోసం అడివిలో కోసిచ్చిన తునికాకు డబ్బులు ఇంకా రాలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయింది. రెండు రోజులు చప్పిడి తిన్నాక దుర్గమ్మ, "పో, పొజ్జా దుకాణంల ఒక్క సోలెడు బదులు పట్టుకరా. ఉప్పుకు ఎవడన్న లేదంటడా?" అని గిన్నె చేతికిచ్చింది. రామనర్సయ్య గిన్నెను పైగుడ్డ కింద దాచుకున్నాడు. తర్వాత వెళ్ళాడు.

"నువ్వు అప్పున్నోడివి గదా కాకా" అన్నాడు పొజ్జా, నొచ్చుకుంటూనే. "గిది అప్పు లేని ఊరు. అప్పులోళ్ళకు ఇయ్యొద్దని తీర్మానం చేసినం. నా ఒక్కడిది కాదు, తొమ్మిది దుకాణాలల్ల గదే మాట. కావాలంటె సదువుకో."

తొమ్మిది దుకాణాలకూ కొత్త బోర్డులు వేలాడుతున్నాయి. అప్పు బంద్ అని హిందీలో రాయమని కాశీవిశ్వనాథానికే ఇచ్చారు. చీవాట్లు తిన్న మనిషి గనుక ఈసారి అతను జాగ్రత్తపడ్డాడు. ప్రతి బోర్డు మీదా వత్తు మరవకుండా, కొంచెం పెద్దదిగానే పెట్టాడు. 'ఉద్ధార్ బంద్.'

రామనర్సయ్య ఖాళీ గిన్నె పట్టుకుని, చిన్నప్పుడు సేటు గొడ్లు కాస్తూ నేర్చిన నాలుగు హిందీ అక్షరాలతో కూడబలుక్కుని తొమ్మిదీ చదివాడు. ఎక్కడా తప్పు కనబడలేదు. మీలో ఎవరికైనా కనబడితే కోంటాకు ఒక ముక్క రాయండి. పెయింటరు వచ్చి దిద్దుతాడు. అక్షరానికి ఇంత. వత్తుకు వేరే.