హాజీ గారు కాఫీ ముట్టుకోలేదు

"రేపు చాసిస్ చూస్తారత్తా," అంది నుహాద్, పొద్దున్నే ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతూ.

"చచ్చేది చూస్తారా? ఎవరే చచ్చేది?" అంది అత్తగారు. ఆవిడకు ఎడమ చెవి వినపడదు. కుడి చెవి ఎవర్నీ పూర్తిగా చెప్పనివ్వదు.

"ఎవరూ చావరు. చాసిస్! అంటే కారు వెన్నెముక. దాని మీద చెక్కిన నంబరూ కాగితం మీది నంబరూ ఒకటేనని ఆఫీసరు ఒప్పుకుంటేనే మన బండికి నంబరు ప్లేటు."

ఇందులో అత్తగారి చెవిన పడింది వెన్నెముక ఒక్కటే. మీ వదిన వెన్నెముక విరిగిందిరా నాయనా అని ఆవిడ చిన్నకొడుకు ఫవ్వాజ్‌కి ఫోన్ చేసింది. ఫవ్వాజ్ ఐదు నిమిషాల్లో వచ్చి వాలాడు. అతని ఐదు నిమిషాలు నిజంగా ఐదు నిమిషాలే కావడం జర్కా పట్నం చరిత్రలో అదే మొదలు.

మామూలుగా అతని ఐదు నిమిషాలు పొద్దున మొదలై సాయంత్రం నమాజుకు ముగుస్తాయి. భర్త పోయాక నుహాద్ పెళ్లిళ్లకూ విందులకూ వండి పంపిస్తూ బతుకుతోంది. గిన్నెలు చేర్చాల్సింది మరిది కారు. "వస్తున్నా వదినా, ఐదు నిమిషాలు!" అనేవాడు. కిందటి రంజానులో ఒక ఇంటికి ఆమె పంపిన మన్సఫ్, అంటే పెరుగులో ఉడికిన మాంసం, అన్నం, చేరేసరికి ఉపవాసం విడిచినవాళ్లు నిద్రలేచి మళ్లీ ఉపవాసం పట్టేశారు. ఆ ఇంటివాళ్లు ఆమెకు మళ్లీ కబురు పెట్టలేదు. ఆ రోజే నుహాద్ విదేశీ బండ్లు దిగే ఫ్రీ జోన్‌కు వెళ్లి, అమెరికాలో ఎక్కడో గుద్దుకుని తుక్కు కింద ఓడెక్కి వచ్చిన కారును కారుచౌకగా కొనేసింది. దానికి మూతి పగిలింది, ఒక కన్ను పోయింది. చలికాలమంతా మెకానిక్ జిర్యిస్ పక్కన కూర్చుని, స్పానర్లు అందిస్తూ, అతనికి పప్పుసూపు పోస్తూ, దాన్ని మళ్లీ కారు చేయించింది. అది ఆకారానికి వచ్చింది. ఇక సర్కారుకు నచ్చాలి.

వదిన వెన్నెముక నిటారుగానే ఉందని తెలిశాక ఫవ్వాజ్ నాలుక కూడా నిటారైంది. "తుక్కు కారుకి ప్లేటు రాదొదినా. నీకు ప్లేట్లు కావాలంటే వంటింట్లో బోలెడున్నాయిగా!"

"ఆ ప్లేట్లు మొయ్యడానికే నాయనా ఈ ప్లేటు."

"ఎవరో ఒక పెద్దమనిషిని పట్టుకోవాలి. ఆఫీసరు అబూ సనద్ మా హాజీ గారికి తెలిసినవాడే."

"నేను పట్టుకునేది స్టీరింగొక్కటే. నా బండి ఒకళ్ల దయ మీద పాసైతే, రేపు మళ్లీ వాళ్ల దయ మీదే నడవాలి. నువ్వు ఆ గుమ్మం తొక్కావంటే నా చేతి కూడు నీకు లేదు."

అధికారంలోనూ కారం ఉంది, ధిక్కారంలోనూ కారం ఉంది. నుహాద్ వంటలో మాత్రం కొంచెం తక్కువ, ఎందుకంటే ఉన్నదంతా మాటల్లోకి పోతుంది. ఫవ్వాజ్‌కు ఆ మాట మండింది. నలభై దాటినా పెళ్లికాని మగవాడికి మీసానికి రంగేసుకోవడం, ఇంటి పెద్దరికం వెలగబెట్టడం తప్ప వేరే పనేముంటుంది? ఆ సాయంత్రమే అతను హాజీ దైఫల్లా గారి వెనక, డజను తెల్లటి తలగుడ్డలతో, అబూ సనద్ ఇంటికి జాహా వెళ్లాడు.

జాహా అంటే ఆ ఊళ్లో ఆషామాషీ కాదు. పగలు చల్లార్చాలన్నా, పిల్లనడగాలన్నా పెద్దలు అలాగే గుంపుగా వెళతారు. ఇంటాయన కాఫీ ఇస్తాడు. పెద్దాయన ఆ కాఫీ ముట్టడు. అడిగింది ఇస్తానని ఇంటాయన నోటితో అనేదాకా కప్పు అలాగే చల్లారుతుంది. చల్లారిన కాఫీ ఇంటాయన పరువుకు మచ్చ. అలా ఎన్ని కప్పుల్ని ఎదిరించి నెగ్గారో, హాజీ గారికి అదే పేరు.

హాజీ గారు కప్పును ఎదురుగా పెట్టుకుని గొంతు సవరించుకున్నారు. ఆయనకు వచ్చిన ఉపన్యాసం ఒక్కటే. పెళ్లికైనా పేచీకైనా అదే మొదలు. "అబూ సనద్! మంచి ఇంటిని వెతుక్కుంటూ మంచి మనుషులొచ్చాం. నీ చేతిలో ఉన్న..."

అబూ సనద్ లెక్క వేసుకున్నాడు. ఇంట్లో పెళ్లీడు కూతురు లుజైన్ ఉంది. ఎదురుగా హాజీ దైఫల్లా ఉన్నారు. చల్లారిపోతున్న కాఫీ ఉంది. ఇంకా ఏం చెప్పాలి? దాతృత్వంలో తన వంశం ఎవరికీ తీసిపోదని చూపించే సమయం వచ్చింది.

"హాజీ గారూ, మీ గడ్డం తెల్లదనం చూశాక మిమ్మల్ని అడగనివ్వడం నాకు సిగ్గు. మీరు దేనికొచ్చారో అది మీదే. తాగండి కాఫీ!"

హాజీ గారు మిగతా ఉపన్యాసాన్ని మింగి, దాని మీద కాఫీ పోసేశారు. లోపలి నుంచి ఆడవాళ్లు శుభానికి నాలుకలాడించి చేసే ఉలూలు ధ్వని లేచింది. 'కారుకే ఇంత సంబరమా! ఎంత మంచి సర్కారు!' అనుకున్నాడు ఫవ్వాజ్.

అబూ సనద్ అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇతనేనా?"

"ఇతనే," అన్నారు హాజీ గారు.

"కాస్త పాతబడ్డట్టున్నాడు," అంది తలుపు వెనక నుంచి అబూ సనద్ భార్య గొంతు.

"మాటిచ్చేశాను. నోర్మూసుకో."

మర్నాడు పొద్దున నుహాద్ బయటికొచ్చి చూస్తే, కారు బానెట్టు మీద, అద్దం మూల మీద ఎర్రటి అరచేతుల ముద్రలు. పక్కన కోసిన గొర్రె, దాని పక్కన నవ్వుతున్న మరిది.

"ఏంటిది?"

"దిష్టికొదినా! నిన్ననే పాసైపోయిందిగా. హాజీ గారు కాఫీ తాగేశారు."

"అడగొద్దన్నానా లేదా? నా బండి పెట్రోలు మీద నడుస్తుంది, ఎవరి కాఫీ మీదా కాదు!" అని నుహాద్ కారు తలుపు ధన్‌మని వేసుకుని ఒంటరిగా బయల్దేరింది. ఫవ్వాజ్ హాజీ గారిని తన కారులో ఎక్కించుకుని వెంటపడ్డాడు. ఆఫీసు దగ్గర 'అధికారులకు మాత్రమే' అన్న చోట బండి ఆపాడు. కాఫీ తాగినవాళ్లకు అడ్డేముంది!

అబూ సనద్ ఎదురొచ్చి ఫవ్వాజ్‌ను కావలించుకున్నాడు. కారు కాగితాల మీద పేరు చూసి, "ఈమె?" అన్నాడు.

"మా వదిన."

అబూ సనద్ ముఖం వాడింది. "అయ్యో! మన బంధువుల బండి నేను చూడకూడదు. రూలు. అమ్మాన్ పంపించాలి. అక్కడ వరస వచ్చేసరికి ఎండాకాలం వెళ్లిపోతుందమ్మా."

ఎండాకాలమంటే పెళ్లిళ్ల కాలం. అది పోతే ఆ ఏడాది వంటే పోయినట్టు. "బంధుత్వమా? ఏం బంధుత్వం?" అని గర్జించింది నుహాద్. క్యూలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు.

"వియ్యం, తల్లీ, వియ్యం!"

"వియ్యమా? నాకు తెలిసి ఇక్కడ జరగబోయేది కయ్యం!"

అప్పుడే ఒక టాక్సీ ఆగింది. లుజైన్ దిగి, తిన్నగా ఫవ్వాజ్ ముందుకొచ్చి నిలబడింది. "నాన్నా, ఈ మీసాల రంగు సీసాకా నన్నిచ్చేసింది? నేను నిన్న కాఫీ మాత్రమే కాచాను. ఒప్పుకున్నది నువ్వు. కాబట్టి కాపురం కూడా నువ్వే చెయ్యి!"

ఫవ్వాజ్ మీసం తప్ప మిగతా ముఖమంతా తెల్లబడింది. "పెళ్లా? నాకా?"

హాజీ గారు పక్కనున్న పాత టైరు మీదకెక్కి చేతులెత్తారు. "వినండయ్యా! మేం అడగడానికెళ్లింది పిల్లను కాదు, ఈ కారును. ఇది సవ్యంగా పరీక్షకు నిలబడేలా చూడమని."

"మరి ఆ ముక్క చెప్పాలి కదండీ!" అన్నాడు అబూ సనద్.

"నువ్వు చెప్పనిచ్చావా? కాఫీ, కాఫీ అని గొంతులో పోశావు."

ఆవరణంతా పగలబడి నవ్వింది. అబూ సనద్ నవ్వలేదు. "నేను చిక్కుల్లో పడ్డాను. దేనికొచ్చారో అది మీదే అన్నాను. ఇప్పుడు కారును పాస్ చేస్తే కాఫీకి చేశానంటారు. ఫెయిల్ చేస్తే మాట తప్పానంటారు."

నుహాద్ ముందుకొచ్చింది. "నేను మీ గుమ్మం తొక్కలేదు, మీ కాఫీ తాగలేదు. మీ శత్రువు బండి ఎలా చూస్తారో ఇదీ అలాగే చూడండి. అందరి ముందూ. నంబర్లు క్యూలో వాళ్లు చదవాలి, కాగితం మీరు చూడండి. ఒక్క అంకె తేడా వస్తే తాళాలు మీ చేతికిచ్చి నడుచుకుంటూ ఇంటికి పోతాను."

కారు ముందు అద్దం మూల ఉండే నంబరు మీద గొర్రె రక్తం అట్టకట్టి ఉంది. ఫవ్వాజ్ తన తెల్ల తలగుడ్డ తీసి తుడిచాడు, వేరే గుడ్డ ఎవరూ ఇవ్వలేదు మరి. ఒక సిమెంటు లారీ డ్రైవరు ఆ నంబరు గట్టిగా చదివాడు. ఇంజను మీది నంబరు లుజైన్ చదివింది. సీటు కింద వెన్నెముక మీద చెక్కిన నంబరు కోసం అబూ సనద్ స్వయంగా నేల మీద బోర్లా పడుకుని, గీకి, తుడిచి, అద్దం పెట్టి, అంకె అంకెకీ ఆగి చూశాడు. ఆయన చాలాసేపు లేవలేదు. లేచాక బట్టలు దులుపుకుని, కాగితం మీద ముద్ర గుద్దాడు.

"ఇంత సరిగ్గా సరిపోయిన జంట ఈ మధ్య నాకెక్కడా కనపడలేదు," అన్నాడు. అని, ఫవ్వాజ్‌ను చూసి నిట్టూర్చాడు. లుజైన్ నుహాద్ భుజం మీద చెయ్యేసి ఒంటరిగానే ఉలూలు కొట్టింది.

ఇళ్లకు బయల్దేరే వేళకు ఫవ్వాజ్ కారు కనపడలేదు. అధికారులకు మాత్రమే అన్న చోటునుంచి దాన్ని ఎప్పుడో క్రేను ఎత్తుకుపోయింది. నుహాద్ కారులో ముందు సీటులో హాజీ గారు కూర్చున్నారు. వెనక సీటంతా ఆ రోజు సాయంత్రం విందుకు నింపాల్సిన ఖాళీ గిన్నెలు.

"వదినా, మరి నేనో?" అన్నాడు రక్తం మరకల తలగుడ్డతో.

"ఇక్కడే ఉండు నాయనా. ఐదు నిమిషాల్లో వస్తా."

ఫవ్వాజ్ వెళ్లి నీడ చూసుకుని కూర్చున్నాడు. ఐదు నిమిషాలంటే ఎంతో ఆ ఇంట్లో అతనికంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు.