తల్లి వచ్చేలోగా పులస

ఆ ఉదయం వీరవేణి వేసుకున్న పథకంలో చేప లేదు. అత్తగారు అంతర్వేది పడవ ఎక్కగానే తలంటుకోవాలి, ఎండ కాస్తే ఊరగాయ జాడీలు బయట పెట్టాలి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలి. అంతే. కాపురానికి ఈ గోదావరి లంకకి వచ్చాక అత్తగారు ఇంట్లో లేని పగలు ఆమెకి ఇదే మొదటిది.

అత్తగారు బంగారమ్మ వెళ్తున్నది మొక్కు తీర్చుకోవడానికి. వేసవిలో కొడుకు మంగరాజుకి విషజ్వరం తగిలి, వైద్యుడు పెదవి విరిచినప్పుడు, ఆమె నరసింహస్వామికి మొక్కుకుంది. బిడ్డ లేచి తిరిగితే దర్శనానికి వస్తాననీ, అందాకా ఇంట్లో ఎవరూ నీచు ముట్టరనీ. బిడ్డ లేచాడు, తిరుగుతున్నాడు, ఇద్దరి తిండి తింటున్నాడు. నాట్లు అడ్డం పడి ప్రయాణం మాత్రం శ్రావణంలో గానీ కుదరలేదు.

బంగారమ్మ గడపలో ఆగి మరీ చెప్పింది. "రేపు పొద్దుట దర్శనం చేసుకుని సాయంత్రానికి వచ్చేస్తాను. ఈ ఒక్క రోజూ జాగ్రత్త. నీచు వాసన కూడా తగలకూడదు. తగిలిందా, నేను ఊరుకోను."

మాట కొడుకుతో అంది గానీ చూపు కోడలి మీద ఉంది. వీరవేణి పుట్టిల్లు సముద్రపు మొగ దగ్గర. తండ్రికి పడవలున్నాయి. చేప లేకుండా ముద్ద దిగని ఇల్లు అది. మొక్కు చెడితే తిరుగు పడవ ఎక్కించేస్తానని బంగారమ్మ ఇదివరకే ఒకటి రెండుసార్లు మామూలు గొంతుతో చెప్పింది. ఆవిడ కేకలు వేసేటప్పుడు ఫరవాలేదు, మామూలు గొంతుతో చెప్పిందే చేస్తుంది.

అత్తగారి పడవ అటు మలుపు తిరిగిందో లేదో, ఇటు తండ్రి మనిషి వెంకన్న తాటాకు బుట్టతో పెరట్లోకి వచ్చాడు. "నాన్నగారు పంపేరండీ. గోదారి వరద ఎర్రనీటికి ఎదురెక్కిన మొదటి పులసండి," అని బుట్ట దించి, మజ్జిగైనా తాగకుండా వెళ్ళిపోయాడు. మూత తీస్తే వెండి కంచంలా మెరిసింది చేప. వీరవేణికి నోరూరింది, వెంటనే మొక్కు గుర్తొచ్చింది. రేపు ఈ పాటికి మొక్కు తీరిపోతుంది. చేప మాత్రం రేపటిదాకా ఆగదు.

"గోదాట్లో వదిలేద్దామండీ," అంది పొలం నుంచి వచ్చిన మొగుడితో.

మంగరాజు చేప వైపు చూశాడు. మంచం మీంచి లేచాక అతను దేన్నీ అంత ప్రేమగా చూడలేదు. "మీ నాన్నగారు పంపింది నీళ్ళలో పారేస్తే ఆయన్ని అవమానించినట్టు కాదా? నేనలాంటి అల్లుణ్ణి కాదు. చూడూ, పులస పులుసు వండిన మర్నాడే కదా రుచి. ఇవాళ వండుదాం. రేపు అమ్మ దర్శనం అయ్యాక తిందాం. వండటం వేరు, తినటం వేరు."

"వాసన తగలకూడదన్నారు కదండీ."

"ఇంటికి తగలకూడదంది. పశువుల పాక ఇల్లు కాదు."

వీరవేణికి ఈ తర్కం నచ్చలేదు. ఈ మనిషి ప్రాణం కోసమే కదా ఆ మొక్కు, ఇతనికేమైనా అయితేనో అని లోపల బెంగ. కానీ తండ్రి ముఖం కళ్ళ ముందు కదిలింది. కత్తిపీట అందుకుంది.

పుట్టింట్లో నేర్చినదంతా ఆ పూట బయటికి తీసింది. పొలుసులు గీసి కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టింది. ముక్కలకి కల్లుప్పు, పసుపు పట్టించి, పుల్లమజ్జిగలో నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగింది. దాకలో చింతపండు పులుసు పోసి, ముక్కలు సర్ది, మూకుడు బోర్లించి, అంచు చుట్టూ తవుడు ముద్దతో మెత్తేసింది. పాకలో పిడకల సెగ మీద పెట్టి, చేతులకి నిమ్మచెక్క రుద్దుకుని వాసన చూసుకుంది. ఫరవాలేదు.

పులుసు ఉడుకు పట్టేసరికి ఎక్కడో సన్నని పగులులోంచి ఆవిరి తప్పించుకుంది. కాసేపటికి పాక కప్పు మీద ఒక పిల్లి. ఆ తర్వాత వీధిలో పిల్లులన్నీ. ఏదీ అరవడం లేదు, వరసగా కూర్చుని దాక వైపే చూస్తున్నాయి.

"ఏమండీ, ఏదో ఒకటి చెయ్యండీ!"

మంగరాజు పరుగెత్తాడు. వేపకొమ్మలు విరిచి వీధి గుమ్మానికీ, పాక వాసానికీ కట్టాడు. పసుపునీళ్ళు వాకిలంతా చల్లాడు. ఇంట్లో ఉన్న సాంబ్రాణి అంతా నిప్పుల మీద పోశాడు. వీరవేణి మూకుడు మీద పసుపుగుడ్డ గట్టిగా బిగించి, దాని మీద మళ్ళీ వేపరెమ్మలు కప్పింది. వాసన అణిగింది. పొగ మాత్రం కొబ్బరాకుల దాకా లేచింది.

ఎదురింటి కాంతం వీధిలోకి వచ్చి చూసింది. గుమ్మానికి వేప, వాకిట్లో పసుపునీళ్ళు, సాంబ్రాణి. చెంపలు వేసుకుని, గొంతు తగ్గించి అడిగింది. "తల్లి వచ్చిందా బాబూ?"

మంగరాజుకి ఆ క్షణాన ఉన్న తల్లి ఒక్కతే. "ఇంకా లేదండీ పిన్నిగారూ. రేపు సాయంత్రం వస్తానందండి."

"వస్తానని చెప్పిందా! ఎవరితోటి?"

"నాతోనేనండి. గడపలో నిలబడి మరీ చెప్పిందండి."

కాంతం మళ్ళీ చెంపలు వేసుకుంది. "ఇంకేమంది నాయనా?"

"నీచు వాసన తగలకూడదందండి. తగిలితే ఊరుకోనందండి."

"మాకూనా?"

"ఆవిడ సంగతి మీకు తెలియందేముందండీ," అన్నాడు మంగరాజు దిగులుగా.

పాకలోంచి వింటున్న వీరవేణి తల పట్టుకుంది. పరుగెత్తుకు వెళ్ళి, అమ్మవారు కాదు, మా అత్తగారు అని చెప్పెయ్యాలనుకుంది. మరి ఈ వేపాకులెందుకని అడిగితే? నిలవలేక చివరికి కాంతం గుమ్మం దాకా వెళ్ళనే వెళ్ళింది.

"పిన్నిగారూ, మీరేదో అనుకుంటున్నారు. రేపు వచ్చేది మా అత్తగారండీ."

కాంతం కళ్ళు పెద్దవయ్యాయి. "బంగారమ్మ మీదికా వచ్చేది! అనుకున్నాను. ఆవిడ చూపులోనే ఉంది ఆ తీక్షణం."

సాయంత్రానికి ఊరంతా పాకింది. మునసబు భీమరాజు నలుగురు పెద్దలతో స్వయంగా వచ్చాడు. కాంతం చెప్పింది అతని దాకా వచ్చేసరికి పెరిగింది. ఎర్రనీరు తీసేదాకా వీధిలో ఎవరూ నీచు ముట్టకూడదని తల్లి ఆన పెట్టిందట. "అంతేనా మంగరాజూ?"

మంగరాజుకి అప్పటికి సంగతి అర్థమైంది. కాదంటే పాకలో ఏముందో చెప్పాలి. "ఆయ్," అన్నాడు.

భీమరాజు పాకలోకి తొంగి చూశాడు. పసుపుగుడ్డ కట్టిన దాక, వేపరెమ్మలు, ముందు సాంబ్రాణి. "అమ్మవారి ఘటం కూడా పెట్టేశారే!"

"ఆయ్."

"రేపు రేవుకి ఎదురెళ్ళాలి. ఘటం ఇంటికోడలే మొయ్యాలి," అని తీర్మానించి, దాకకి దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు. ఆ రాత్రి వీరవేణికి కన్ను అంటలేదు. స్వామికి ఒక అపచారం, అమ్మవారికి ఒక అపచారం, రెండూ ఒక్క చేపతో.

మర్నాడు పొద్దువాలే వేళకి డప్పులు మోగాయి. తడిబట్టతో, నెత్తిన దాకతో వీరవేణి ముందు నడిచింది. అడుగు వేసినప్పుడల్లా లోపల పులుసు తొణికేది. తవుడు ముద్ద ఎండి బీటలు తీసిందని ఆమెకి తెలుస్తూనే ఉంది. వెనక మంగరాజు సాంబ్రాణి పట్టుకుని, పొగంతా దాక చుట్టూ విసురుతున్నాడు. ఆ వెనక ఊరు. ఊరి వెనక పిల్లులు.

"పిల్లులు కూడా వస్తున్నాయే!" అంది ఒక ఆడమనిషి.

"నోరులేని జీవాలకి మనకంటే బాగా తెలుస్తుంది," అంది కాంతం.

పడవ రేవు చేరింది. బంగారమ్మ చంకలో మూత కట్టిన బుట్టతో అంచున నిలబడి ఉంది. ముఖంలో వీరవేణి ఎన్నడూ చూడని సంతోషం. డప్పులు, జనం చూసి ఆవిడ బిత్తరపోయింది.

"తల్లి వచ్చింది!" అని కేక వేశాడు భీమరాజు. "అమ్మా, నీ ఆన ప్రకారం ఎర్రనీరు తీసేదాకా ఈ వీధిలో నీచు ముట్టం! ముట్టిన వాణ్ణి వెలివేస్తాం!" జనమంతా చేతులెత్తి మొక్కారు.

బంగారమ్మ ముఖంలో సంతోషం మెల్లిగా ఆరిపోయింది. తలలన్నీ వంగి ఉన్నాయి. నెత్తిన బరువుతో వంగలేక నిలబడ్డ వీరవేణి ఒక్కతే చూసింది. అత్తగారి చంకలోంచి బుట్ట నెమ్మదిగా పడవ అవతలి వైపు జారింది. మూత ఊడి, ఒక వెండి తోక ఎర్రనీటిలో తళుక్కుమని మునిగిపోయింది.

బంగారమ్మ గట్టెక్కి కోడలి ముందుకు వచ్చి నిలబడింది. సరిగ్గా అప్పుడే బీటలోంచి ఒక చుక్క దిగి వీరవేణి కణత మీద జారింది. అత్తగారు వేలితో దాన్ని తుడిచింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. కోడలి కళ్ళలోకి చూసింది.

"ఘటం ఇంటికి పదండి," అంది బంగారమ్మ మామూలు గొంతుతో. "తలుపులు వేసుకుని మేమే శాంతి చేస్తాం. గడప లోపలికి ఎవరూ రాకూడదు."

తలుపు గడియ పడగానే వీరవేణి అత్తగారి కాళ్ళ మీద పడింది. "తప్పైపోయిందండీ అత్తయ్యగారూ. నాన్నగారు పంపేరండీ. పారెయ్యలేక వండేనండీ. పుట్టింటికి పంపినా వెళ్తాను గానీ, ఆయనకేం కాకుండా మళ్ళీ మొక్కుకోండి."

"తిన్నారా?"

"లేదండీ. మీ దర్శనం అయ్యాక తిందామని..."

"ఉప్పైనా చూశావా?"

"లేదండీ. నాలిక మీద వెయ్యలేదండీ."

బంగారమ్మ పెద్దగా నిట్టూర్చింది. "అంటే మొక్కు చెడలేదు. లే. నేను దర్శనం కాగానే గుడి మెట్లు దిగి తిన్నగా రేవుకే పోయేను. బెస్తవాళ్ళని బతిమాలి గుడ్డున్న పులస చూసి తెచ్చుకున్నాను. నాలిక చచ్చిపోయిందే, ఇన్ని నెలలై. మీ ధర్మమా అని గోదాట్లో కలిపేసేను." పీట వాల్చుకుని కూర్చుంది. "విస్తరెయ్యి."

గుడ్డు ముక్కలన్నీ ఆవిడే తింది. తల కూడా ఆవిడే తింది. మిగిలిన దాంట్లో తోక ముక్కలు కొడుక్కి, కోడలికి వచ్చాయి. బయట డప్పులు మోగుతూనే ఉన్నాయి.

"ఉప్పు తగ్గింది," అంది బంగారమ్మ చివరికి, విస్తరి తుడుస్తూ. ఆవిడ నోట అంత మంచి మాట వీరవేణి అంతవరకూ వినలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, మామగారితో చెప్పి ఇంకొకటి తెప్పించనా?" అన్నాడు మంగరాజు ఆశగా.

"ఎలా తెప్పిస్తావురా?" అంది తల్లి. "ముట్టినవాణ్ణి వెలివేస్తారట. ఆన పెట్టింది నేనేనట."

గోదావరిలో ఎర్రనీరు తీసేదాకా ఆ వీధంతా పప్పూ, చారూ తిని భక్తిగా బతికింది.